నాలుగు వేల నూట పన్నెండు తప్పులు

సోమవారం పొద్దున డిజైనరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడేళ్ళ కూతురు బడికి వెళ్ళేముందు ఒక అరగంట, వచ్చాక ఒక అరగంట తాబేలుతో ఆడుకోవాలి. రోజుకు గంట చొప్పున పన్నెండు రోజులకు పన్నెండు గంటలు. కంపెనీ అడిగింది పదే. మిగిలిన రెండూ ఎందుకైనా మంచిదని చేతిలో ఉంచుకున్నాడు. పథకాలు వేయడంలో అతనికి మంచి పేరుంది. అవి నెరవేరడంలో మాత్రం ఇంకా రాలేదు.

తాబేలంటే నిజం తాబేలు కాదు, పిల్లలకు సంగీతం నేర్పే ఎలక్ట్రానిక్ బొమ్మ. ఆకుపచ్చ డిప్ప మీద ఎనిమిది రంగుల మీటలు, పొట్ట కింద స్పీకరు. తాబేలు మూడు స్వరాలు పలుకుతుంది. పిల్లలు విని, అవే మూడు మీటలు అదే వరసలో నొక్కాలి. ఇది మొదటి పాఠం. ఇలాంటివి పన్నెండు. పన్నెండోది ముగిసేసరికి ఒక చిన్న పాట మొత్తం వాయించడం వచ్చేస్తుంది. ఈ పన్నెండింటి కోసం డిజైనరు రెండేళ్ళు తిండీ నిద్రా మానుకున్నాడు, కనీసం ఇంట్లో అలాగే చెప్పుకున్నాడు.

పిల్లలు వాయించాక తాబేలు ఏమనాలన్నది తేల్చడానికి కంపెనీ ఐదుగురు నిపుణులతో ఒక కమిటీ వేసింది. పొగడ్త ఎక్కువైతే పిల్లలకు కళ్ళు నెత్తికెక్కుతాయి కాబట్టి, సరిగ్గా వాయిస్తే "సరే. తర్వాతిది" అంటే చాలని వాళ్ళు తీర్మానించారు. తప్పు వాయిస్తే పసిమనసు నొచ్చుకుంటుంది కాబట్టి తీరిగ్గా ఓదార్చాలన్నారు. ఆ ఓదార్పు మాటలు రాసి కూడా ఇచ్చారు. రికార్డింగు రోజున గొంతు ఇవ్వవలసిన మనిషికి గొంతు పూడుకుపోయింది. దాంతో "సరే. తర్వాతిది" డిజైనరే చదివేశాడు. ఇంట్లో కరెంటు బిల్లు వచ్చిందంటే ఎలా పలుకుతాడో అలాగే పలికాడు. ఓదార్పు మాత్రం భార్య చేత చదివించాడు. మందుల షాపులో పని చేసే ఆ ఇల్లాలు సెలవు పెట్టుకుని వచ్చి, జ్వరంలో ఉన్న బిడ్డను బుజ్జగించినట్టు చదివింది.

"పరవాలేదు బంగారం. తప్పు ఎవరికైనా వస్తుంది. నువ్వు ఎంత శ్రద్ధగా వాయించావో నేను చూశాను. నీకు వస్తుంది, నాకు తెలుసు. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాను. ఇంకోసారి చేద్దామా?"

అంతా బాగానే ఉంది గాని, మూడు బడుల్లో తాబేలును పెట్టి చూస్తే ఏ పిల్లా తొమ్మిది నిమిషాలకు మించి దాని దగ్గర కూర్చోలేదు. కంపెనీ యజమానురాలి మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతూ ఉంటుంది. ఆ తొమ్మిది నిమిషాలూ ఆవిడే స్వయంగా లెక్కపెట్టింది. "మీ ఇంట్లో పిల్లే ఆడని బొమ్మని ఊళ్ళో పిల్లలు ఆడతారా? రెండు వారాలు ఇంటికి తీసుకెళ్ళండి. పది గంటలు ఆడితే సరే. లేదంటే తాబేలుని మూసేద్దాం, మీరు నీళ్ళ సీసాల విభాగానికి వెళ్దురు గాని" అంది. నీళ్ళ సీసాల విభాగంలో డిజైనరు చేయవలసింది మూతలకు రంగు ఎంచడం. ఆ రంగులు కూడా అప్పటికే ఎంచేశారని తెలిసినప్పటినుంచీ అతనికి ముద్ద దిగడం లేదు.

సోమవారం కూతురు తాబేలు ముందు కూర్చుంది. మూడు స్వరాలు విని, మూడు మీటలు నొక్కింది. "సరే. తర్వాతిది" అంది తాబేలు. నాలుగు పాఠాలు నాలుగు నిమిషాల్లో ముగించి లేచింది.

"అప్పుడే లేచావేం, బాగాలేదా?"

"బాగానే ఉంది. కానీ అచ్చం నీలాగే మాట్లాడుతోంది నాన్నా."

తర్వాత ఆ పిల్ల బట్టల క్లిప్పులన్నీ పోగేసి వాటికి బడి పెట్టుకుంది. డిజైనరు తాబేలును బల్ల మీద వదిలి, సీసాల మూతలు తలుచుకుంటూ ఆఫీసుకు బయలుదేరాడు. వెనక నుంచి రోజూ వినపడే మాటలే వినపడుతున్నాయి.

"మీ తాతయ్యకి చెప్పు, కాఫీ బల్ల మీద పెట్టానని."

"మీ అమ్మకి చెప్పు, చూశానని."

మామకూ కోడలికీ మధ్య ఉన్నది మూడడుగుల దూరమే. మాటలు లేక మూడు నెలలైంది. పెద్దాయన తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పని చేశాడు. గ్రాము తేడా వచ్చినా వదిలేవాడు కాదు. ఇల్లు సర్దుతూ కోడలు ఆయన దాచుకున్న పాత తూకపురాళ్ళను పాత సామాన్లవాడికి వేసేసింది. ఆయన చుట్టాల ముందు "తూకం తెలియని మనిషి" అన్నాడు. ఆవిడ ఆ రోజునుంచి నోరు విప్పలేదు. క్షమించమని ఒక్క మాట అంటే సరిపోయేది. తప్పు పట్టుకోవడమే గాని ఒప్పుకోవడం ఆయన సర్వీసులో లేదు.

మంగళవారం ఆఫీసులో అడుగు పెట్టీ పెట్టకముందే కంపెనీ సైకాలజిస్టు ఎదురొచ్చాడు. తాబేలు ఎంతసేపు ఆడిందీ, ఎన్నిసార్లు ఏ మీట నొక్కించుకుందీ సాయంత్రానికల్లా ఆఫీసుకు తనంతట తానే పంపుతుంది. ఆ కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి.

"మీ అమ్మాయి నిన్న ఏడు గంటలు ఆడిందండీ."

తాబేలు లెక్క తప్పిందనుకున్నాడు డిజైనరు. ఆ మాట పైకి అంటే తాబేలుకు లెక్క కూడా రాదని తేలుతుంది. అందుకని, "దానికి సంగీతమంటే ప్రాణం" అన్నాడు. అతను ఆడిన మొదటి అబద్ధం అది. చాలా చిన్నది, పైగా నోటికి తేలిగ్గా వచ్చింది.

బుధవారం సైకాలజిస్టు గీతలు గీసిన కాగితం పట్టుకొచ్చాడు. "రోజూ తొమ్మిదింబావుకి మొదలుపెట్టి నాలుగుంబావుకి ఆపుతోంది. మరి బడో?"

"జ్వరం" అన్నాడు డిజైనరు.

"జ్వరంతో ఏడు గంటలా?"

"మొండిపిల్ల."

ఇంటికి వెళ్ళి చూస్తే తాబేలు బల్ల మీద తాను పెట్టిన చోటే, అంగుళం కూడా తేడా లేకుండా ఉంది. కూతుర్ని అడిగితే ఆ బొమ్మను సోమవారం తర్వాత ముట్టుకోలేదంది. యంత్రం పిచ్చిదైపోయిందని అతనికి నమ్మకం కుదిరింది. పదే పది రోజులు పిచ్చిదిగా ఉంటే చాలని దణ్ణం పెట్టుకున్నాడు.

గురువారం యజమానురాలు ఫోను చేసింది, అతనికి కాదు, మందుల షాపుకు. "పాపకి జ్వరం ఎలా ఉందమ్మా? మూడు రోజులుగా తగ్గలేదట కదా" అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. ఇల్లాలు చేతిలో ఉన్న మాత్రల డబ్బా వదిలేసి, ఆటో ఎక్కి బడికి పరుగెత్తింది. లెక్కల క్లాసులోంచి పిల్లను లాక్కుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. డాక్టరు నాలుక చూశాడు, చెవులు చూశాడు, చివరికి తల్లి నాడి చూశాడు. పిల్లను మళ్ళీ బడిలో దింపేటప్పుడు టీచరు చూసిన చూపు ఆవిడ జన్మలో మర్చిపోదు.

ఆ సాయంత్రం డిజైనరు విషయమంతా చెప్పుకోవలసి వచ్చింది.

"అబద్ధం మీదీ, జ్వరం నా బిడ్డకా?" అంది ఆవిడ. "మీకు రాకూడదా ఆ జ్వరం?"

"నాకొస్తే ఆఫీసుకి ఎలా వెళ్తాను?"

"వెళ్ళి ఏం ఉద్ధరిస్తున్నారు గనక."

అతను నీళ్ళ సీసాల సంగతి చెప్పాడు. రెండేళ్ళ పని బుగ్గిపాలైపోతుందన్నాడు. ఆవిడ మెత్తబడింది గాని, రేపటినుంచి పిల్ల మీదికి దగ్గు కూడా తేవద్దని గట్టిగా చెప్పింది.

శుక్రవారం పొద్దున సైకాలజిస్టు పన్నెండు పేజీల నివేదిక రాసి యజమానురాలి బల్ల మీద పెట్టాడు. నాలుగు రోజుల్లో ఇరవై ఎనిమిది గంటలు. సోమవారం పొద్దుటి నాలుగు నిమిషాలు తీసేస్తే, ఆ ఇరవై ఎనిమిది గంటలూ మొదటి పాఠమే. నాలుగు వేల నూట పన్నెండుసార్లు ప్రయత్నించి నాలుగు వేల నూట పన్నెండుసార్లూ తప్పింది. మొదటి రెండు స్వరాలు ఎప్పుడూ సరైనవే, మూడోదే ప్రతిసారీ తప్పు. పైగా మీట మీద పడే బరువు చూస్తే ఏడేళ్ళ పిల్ల వేలిలా లేదు, కాబట్టి లోపల అణచుకున్న కోపం ఉందని ఆయన తేల్చాడు. "ఇన్నిసార్లు ఓడినా వదలని పిల్లని నా సర్వీసులో చూడలేదు" అని చివర రాశాడు.

యజమానురాలికి కళ్ళు చెమర్చాయి. "రేపు మీ ఇంటికి వస్తున్నాం. ఆ బంగారుతల్లి ఆడుతుంటే వీడియో తీసి, దాంతోనే అమ్మకాలు మొదలుపెడదాం" అంది. డిజైనరు సంతోషం అని చెప్పి బయటికొచ్చాడు. కనీసం ఆ పిచ్చి యంత్రంలో ఏ తీగ తెగిందో చూద్దామని, తలనొప్పి అని చెప్పి పదకొండింటికే ఇల్లు చేరాడు.

తలుపు తీయగానే తండ్రి గదిలోంచి భార్య గొంతు వినపడింది. "పరవాలేదు బంగారం. తప్పు ఎవరికైనా వస్తుంది..." మామగారితో మూడు నెలలుగా మాట్లాడని మనిషి, అందులోనూ ఈ వేళప్పుడు షాపులో ఉండవలసిన మనిషి. ఒక్క అంగలో గది చేరాడు. పెద్దాయన మంచం మీద బాసిపట్టు వేసుక్కూర్చున్నాడు. ఒళ్ళో తాబేలు ఉంది. కొడుకును చూడగానే దాని మీద తువ్వాలు కప్పాడు. తువ్వాలు కింద నుంచి తాబేలు "నేనిక్కడే ఉన్నాను" అంది.

"ఏంటి నాన్నా ఇది?"

"ఊరికే. బాగా పని చేస్తోందా లేదా అని చూస్తున్నా."

"నాలుగు వేలసార్లా?"

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. డిజైనరుకు సైకాలజిస్టు నివేదిక గుర్తొచ్చింది. మూడంటే మూడు స్వరాలు. ఏడేళ్ళ పిల్ల ఒక్కసారికి పట్టేసింది. గ్రాముల లెక్కలన్నీ కంఠతా చెప్పే తన తండ్రికి మూడోది గుర్తుండటం లేదన్నమాట. జ్ఞాపకం సన్నగిల్లుతుంటే ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఈ బొమ్మతో ఒంటరిగా పెనుగులాడుతున్నాడన్నమాట. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

పక్కన కూర్చుని, ఒక్కో మాట విడదీసి, "నాన్నా, ఇవాళ ఏ వారం?" అని అడిగాడు.

"నువ్వు ఆఫీసు ఎగ్గొట్టిన వారం" అన్నాడు తండ్రి. "అలా సాగదీసి మాట్లాడతావేంరా, పంటినొప్పా?"

భార్యకు ఫోను చేసి చెప్పాడు. "ఆ రాళ్ళు అలా వేసేయకుండా ఉండాల్సింది" అంది ఆవిడ. ఆ సాయంత్రం కూతురి చేత పంపిన మాటలో మార్పు వచ్చింది. "తాతయ్యా, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అమ్మ అడుగుతోంది." పెద్దాయన గ్లాసును అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూశాడు.

తండ్రి సంగతి పదిమందిలో పెట్టడం డిజైనరుకు ఇష్టం లేదు. ఇక మిగిలిన దారి ఒకటే, కూతురికి తప్పు వాయించడం నేర్పాలి. పిల్లలకు సంగీతం నేర్పడానికి రెండేళ్ళు ధారపోసిన మనిషి, సాయంత్రమంతా సొంత బిడ్డకు సంగీతం మరపించడానికి కూర్చున్నాడు.

"మూడోది తప్పు నొక్కు తల్లీ."

"ఏ తప్పు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఎలా? ఎనిమిది మీటల్లో ఏడు తప్పులున్నాయి. అందులో సరైన తప్పేది?"

నీలం మీట అని చెప్పాడు. ఆ పిల్ల వేలు నీలం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, దానంతట అదే ఎర్రమీట మీదికి జారింది. ఎర్రమీటే సరైనది. "సరే. తర్వాతిది" అంది తాబేలు. అన్నం వేళకు పిల్ల పదకొండో పాఠం దాటేసింది. తప్పు చేయమంటే ఒక్కటీ రాక, చివరికి తనకు చదువు రావడం లేదని ఏడ్చింది.

శనివారం పదింటికి యజమానురాలు, సైకాలజిస్టు వచ్చారు. ముందు గదిలో కుర్చీలు గోడకు జరిపి, కెమెరా మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టారు. డిజైనరు భార్య గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దాయన లోపలి గదిలో ఉన్నాడు, ఉండమన్నారు కాబట్టి. పిల్ల తాబేలు ముందు కూర్చుంది. యజమానురాలు స్టాప్‌వాచీ నొక్కింది.

ఒకటి, రెండు, మూడు. "సరే. తర్వాతిది."

మళ్ళీ మూడు. "సరే. తర్వాతిది."

"పాపా, తప్పు వస్తే భయపడకు" అన్నాడు సైకాలజిస్టు, ఆశగా.

"రావట్లేదు అంకుల్. నిన్నటినుంచీ ప్రయత్నిస్తున్నా" అంది పిల్ల. ఇంకో రెండు పాఠాలు వాయించి, "ఇక వెళ్ళనా?" అని తండ్రి వైపు చూసింది.

స్టాప్‌వాచీ మూడున్నర నిమిషాల దగ్గర ఆగింది. యజమానురాలు దాన్ని చూసి, పిల్లను చూసి, డిజైనరును చూసింది.

"ఆ నాలుగు వేల తప్పులు ఈ పిల్లవి కావు. ఎవరివి?"

డిజైనరుకు సీసాల మూతలు, ఆకుపచ్చవీ పసుపువీ, కళ్ళ ముందు వరసకట్టాయి. యంత్రం లెక్క తప్పిందని ఒప్పుకుందామని నోరు తెరిచేంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది.

"నావి" అన్నాడు పెద్దాయన.

డిజైనరు గబగబా యజమానురాలి దగ్గరకు వెళ్ళి, గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి. నాన్నగారికి ఈ మధ్య కాస్త మతిమరుపు. మూడో స్వరం గుర్తుండదు" అన్నాడు. అతని గుసగుస ఎప్పుడూ వీధి చివరిదాకా వినపడుతుంది.

పెద్దాయన ముఖం కందగడ్డ అయింది. వచ్చి, మనవరాలి పక్కన నేల మీద చతికిలబడి, తాబేలును ఒళ్ళోకి తీసుకున్నాడు. మొదటి పాఠం. "సరే. తర్వాతిది." రెండోది. "సరే. తర్వాతిది." మనవరాలు రెండు చెవులూ మూసుకుంది. పాఠం వెంట పాఠం, ఒక్క తడబాటు లేకుండా, సంతలో కాటాలు తనిఖీ చేసినట్టు వాయించుకుంటూ పోయాడు. పన్నెండో పాఠంలోని పాటను చివరిదాకా వాయించి, తాబేలును నేల మీద పెట్టాడు. ఆ పాట మొత్తంగా ఒక మనిషి వాయించగా డిజైనరు వినడం అదే మొదటిసారి.

"అన్నీ వచ్చు కదండీ మీకు" అంది యజమానురాలు. "మరి మొదటి పాఠంలోనే నాలుగు వేలసార్లు ఎందుకు తప్పారు?"

పెద్దాయన తువ్వాలు అంచు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. చెప్పక తప్పదని తెలిశాక, నేలను చూస్తూ చెప్పాడు.

"సరిగ్గా వాయిస్తే మావాడు మాట్లాడతాడమ్మా. తప్పు వాయిస్తే మా కోడలు మాట్లాడుతుంది."

సైకాలజిస్టు నివేదికను మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. డిజైనరు తన గొంతు ఎలా ఉంటుందో రెండేళ్ళుగా స్పీకర్లో వింటూనే ఉన్నాడు గాని, ఇంట్లో ఒక మనిషి దాని నుంచి తప్పించుకోవడానికి రోజుకు వెయ్యిసార్లు తప్పు చేస్తున్నాడని ఆ క్షణం దాకా తెలియలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

గుమ్మం దగ్గర ఇల్లాలికి కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకుని, కూతురి వైపు చూడకుండా, మూడు నెలల తర్వాత మొదటిసారి సూటిగా అడిగింది.

"మామయ్యగారూ, కాఫీ పెట్టనా?"

"పెట్టమ్మా" అన్నాడు పెద్దాయన. తువ్వాలు భుజాన వేసుకుని, "ఆ రోజు చుట్టాల ముందు అలా అనడం నాదే తప్పు" అన్నాడు. నాలుగు వేల నూట పన్నెండు తప్పులు చేశాక ఇంకొకటి ఒప్పుకోవడం ఆయనకు పెద్ద బరువుగా తోచినట్టు లేదు.

"నేనూ మిమ్మల్ని అడిగి వేయాల్సింది" అంది ఆవిడ, వంటింట్లోకి నడుస్తూ.

ఇక తన ఉద్యోగం సంగతి తేలవలసిందే కాబట్టి డిజైనరు తలెత్తాడు. యజమానురాలు ఎవరినీ చూడటం లేదు. తాబేలును దగ్గరకు లాక్కుని, "ఎలా ఉంటుందో చూద్దాం" అని మూడు స్వరాలు విని, రెండు సరిగ్గా, మూడోది నీలం నొక్కింది.

"పరవాలేదు బంగారం" అంది తాబేలు. "తప్పు ఎవరికైనా వస్తుంది. నువ్వు ఎంత శ్రద్ధగా వాయించావో నేను చూశాను..."

ఆవిడ చివరిదాకా విన్నది. మళ్ళీ నీలం నొక్కింది. మూడోసారి నొక్కేముందు చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుక్కూర్చుంది. రెండు వందల మంది మీద అజమాయిషీ చేసే ఆవిడకు తొందరేం లేదని చెప్పినవాళ్ళు చాలా ఏళ్ళుగా ఎవరూ లేరు కాబోలు. కాఫీ వచ్చి చల్లారింది. సైకాలజిస్టు రెండుసార్లు దగ్గాడు. తన వంతు ఎప్పుడొస్తుందని మూడోసారి అడిగేశాడు. స్టాప్‌వాచీ నొక్కడం ఎవరికీ గుర్తులేదు గాని, గోడ గడియారం ప్రకారం ఆవిడ లేచేసరికి యాభై నిమిషాలైంది.

"తాబేలు ఖాయం. వచ్చే నెలలో మార్కెట్లోకి వెళ్తోంది. మీరు నీళ్ళ సీసాల వైపు చూడక్కర్లేదు" అంది చెప్పులు వేసుకుంటూ.

డిజైనరు చేతులు జోడించాడు.

"చిన్న మార్పు ఒకటే. ఆ 'సరే, తర్వాతిది' తీసేయండి, వినడానికి బాగాలేదు. తర్వాతిదే లేకపోతే దాని అవసరమూ ఉండదు. కాబట్టి ఆ మిగతా పదకొండు పాఠాలు కూడా తీసేయండి."

సోమవారం డిజైనరు తన రెండేళ్ళ పనిని పొద్దున తొమ్మిదినుంచి పదకొండు లోపల చెరిపేశాడు. పెట్టె మీద 'పిల్లలకు సంగీతం నేర్పే బొమ్మ' అన్న మాటలు మాత్రం, అట్టలు అప్పటికే అచ్చయిపోయినందువల్ల, అలాగే ఉంచేశారు.